తేనెపట్టు కట్టిన శిల్పి – ఆల్ఫ్రెడ్ బూషే

బదిలీ ఉత్తర్వు చేత పట్టుకుని కొత్త ఊరు వెళ్ళి, అద్దె ఇంటి కోసం వీధి వీధీ తిరగని వారు మన సంఘ సభ్యుల్లో అరుదుగా ఉంటారు. పిల్లలెందరని ఒకరు, బావి నీళ్ళు ఎన్ని బిందెలు తోడుకుంటారని ఇంకొకరు అడుగుతుంటే తల వంచుకుని జవాబు చెప్పిన వాళ్ళమే మనమంతా. ఒకటో తారీఖున జీతం అందుకునే మనకే తల దాచుకోవడం అంత కష్టమైతే, నెల జీతమంటూ ఎరగని చిత్రకారుడి సంగతి, శిల్పి సంగతి ఏమిటి? అతనికి పడుకోవడానికి చోటుంటే చాలదు. వెలుతురు బాగా పడే గది కావాలి. మట్టి కలుపుకోవడానికి, రాయి చెక్కుకోవడానికి జాగా కావాలి. సుత్తి చప్పుడుకు విసుక్కోని ఇంటి యజమాని కావాలి. అటువంటి యజమాని దొరకడం ఏ దేశంలోనైనా గగనకుసుమమే.

అయితే ఫ్రాన్సు దేశపు రాజధాని పారిస్ నగరంలో సుమారు నూట ఇరవై ఏళ్ళ క్రితం అటువంటి యజమాని ఒకాయన నిజంగానే ఉండేవాడు. ఆయన పేరు ఆల్ఫ్రెడ్ బూషే. వృత్తి శిల్పకళ. తన కాలంలో పతకాలు, బిరుదులు, ప్రభుత్వ గౌరవాలు దండిగా పొందినవాడు. ఈనాడు ఆయన పేరు తెలిసినవారు తక్కువే. కాని ఆయన కట్టించిన ఇంటి పేరు చిత్రకళా చరిత్ర రాసిన ప్రతివారూ రాయక తప్పదు. దాని పేరు లా రూష్. ఫ్రెంచి భాషలో ఆ మాటకు తేనెటీగల గూడు అని అర్థం. మనం తేనెపట్టు అనుకుందాం.

తోటమాలి కొడుకు

బూషే 1850 సెప్టెంబరు 23న ఫ్రాన్సులోని ఓబ్ జిల్లాలో బూయీ అనే చిన్న పల్లెలో పుట్టాడు. తండ్రి వ్యవసాయ కూలీ. పిల్లవాడి చిన్నతనంలోనే కుటుంబం దగ్గరలో ఉన్న నోజాన్ పట్టణానికి చేరింది. సేన్ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న పట్టణంలో మారియస్ రామ్యూస్ అనే పేరున్న శిల్పి నివసించేవాడు. బూషే తండ్రికి ఆయన ఇంట తోటపని దొరికింది.

తండ్రి తోటలో పని చేసుకుంటుంటే కొడుకు యజమాని పని చేసే చోట తచ్చాడుతూ మట్టి ముద్దలతో బొమ్మలు చేసేవాడు. పనివాడి కొడుకు గదా, పాదులు తవ్వుకోక ఇవన్నీ ఎందుకని రామ్యూస్ గదమాయించి ఉంటే కథ అక్కడితో సరి. ఆయన అలా చేయలేదు. పిల్లవాడి వేళ్ళలో పనితనం గుర్తించి చేరదీశాడు. అదే ఊరికి సంబంధించిన మరో పెద్ద శిల్పి పాల్ డ్యూబ్వా కూడా ఆదరించాడు. ఈ ఇద్దరి అండతో 1869లో బూషే పారిస్ లోని ప్రభుత్వ లలితకళల పాఠశాలలో చేరగలిగాడు.

ఆ రోజుల్లో ఫ్రాన్సులో కళాకారుడికి పేరు రావాలంటే సలోన్ అనే వార్షిక ప్రదర్శనలో తన పని ఎంపిక కావాలి. అక్కడ మెప్పు పొందితే ప్రభుత్వం కొంటుంది, ధనవంతులు పిలిచి పని చెబుతారు. బూషే 1874లో అక్కడ తొలి మెప్పు పొందాడు. 1881లో సలోన్ బహుమతి వచ్చింది. 1886లో ఆయన ప్రదర్శించిన శిల్పం పేరు గమ్యం. ముగ్గురు యువకులు పరుగు పందెంలో గీత దాటబోతూ ఒక్కసారిగా చేతులు ముందుకు చాచిన దృశ్యమది. చూసినవారికి ఆ ముగ్గురూ నేల మీద నిలబడి ఉన్నారా, గాలిలో తేలుతున్నారా అనిపిస్తుంది. దానికి మొదటి తరగతి పతకం వచ్చింది. ప్రభుత్వం దాని కంచు ప్రతిని పారిస్ లోని లక్సెంబర్గ్ ఉద్యానవనంలో నిలబెట్టింది. మరుసటి సంవత్సరమే ఆయనకు లెజియన్ ఆఫ్ ఆనర్ అనే జాతీయ గౌరవం లభించింది. తోటమాలి కొడుకు మంత్రులు, సంపన్నులు తమ విగ్రహాల కోసం ఎదురుచూసే స్థితికి వచ్చాడు.

ఇద్దరికి చేసిన సాయం

ఆయన చేతికి డబ్బు రాకముందే మనసు ఎటువంటిదో తెలియజేసే సంగతులు రెండు ఉన్నాయి.

మొదటిది రోడిన్ విషయం. ఈనాడు ప్రపంచమంతా కొలిచే ఆ మహాశిల్పి 1877లో కంచుయుగం అనే పురుష విగ్రహాన్ని ప్రదర్శించినప్పుడు, అది చేత్తో మలచినది కాదని, బతికున్న మనిషి ఒంటి మీద అచ్చు తీసి పోత పోశాడని నింద వేశారు. శిల్పికి అంతకు మించిన అవమానం లేదు. ఆ అపవాదు రోడిన్ ను మూడేళ్ళు వెంటాడింది. రోడిన్ ఎదుట ఏ మనిషీ లేకుండానే, కేవలం తలపుతో, చకచకా బొమ్మ మలచగా బూషే కళ్ళారా చూశాడు. ఆ మాట పెద్దలకు చెప్పాడు. 1880లో పాల్ డ్యూబ్వా మొదలైన ప్రముఖ శిల్పులు రోడిన్ నిర్దోషి అని ప్రభుత్వానికి ఉత్తరం రాసినప్పుడు బూషే కూడా చేవ్రాలు చేశాడు. తోటి వృత్తివాడు కింద పడుతుంటే మాట్లాడక ఊరుకోవడం సులభం. ఆఫీసుల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన మనకు ఆ సంగతి ఒకరు చెప్పనవసరం లేదు.

రెండవది కామీల్ క్లోడెల్ విషయం. ఈమె తండ్రి మనలాంటి ప్రభుత్వోద్యోగి. స్థిరాస్తుల తనఖాలు నమోదు చేసే శాఖలో అధికారి. బదిలీల మీద ఊరూరా తిరుగుతూ 1876లో నోజాన్ వచ్చాడు. పన్నెండేళ్ళ కామీల్ ఇంట్లో దొరికిన మట్టి అంతా బొమ్మలు చేసేది. తండ్రి ఆ బొమ్మలను బూషేకు చూపించి సలహా అడిగాడు. ఆడపిల్లకు ఎందుకని ఆయన తీసిపారేయలేదు. నేర్పించమన్నాడు. 1881లో పిల్లల చదువుల కోసం కుటుంబాన్ని పారిస్ లో పెట్టి, తండ్రి తాను ఒంటరిగా ఉద్యోగపు ఊళ్ళోనే ఉండిపోయాడు. ఇటువంటి ఏర్పాటు మనలో ఎందరు చేయలేదు!

ఆ కాలంలో ప్రభుత్వ కళాశాల స్త్రీలను చేర్చుకునేది కాదు. కామీల్, మరికొందరు అమ్మాయిలు కలిసి ఒక గది అద్దెకు తీసుకుంటే బూషే వచ్చి వారి పని దిద్దేవాడు. 1882లో ఆయన ఇటలీలోని ఫ్లారెన్సుకు వెళ్ళవలసి వచ్చినప్పుడు ఆ శిష్యురాళ్ళను నడి వీధిలో వదిలేయకుండా రోడిన్ కు అప్పగించి వెళ్ళాడు. ఆ తర్వాత కామీల్ జీవితం రోడిన్ తో ముడిపడడం, మనసు చెదరడం, 1913 నుండి 1943లో మరణించే వరకు ముప్ఫై ఏళ్ళు పిచ్చాసుపత్రుల్లో గడవడం వేరే పెద్ద విషాదగాథ. ఆమె ప్రతిభను ముందుగా గుర్తించిన శిల్పి మాత్రం బూషే.

పాత ఇనుముతో కొత్త ఇల్లు

1895 ప్రాంతంలో బూషే పారిస్ దక్షిణపు అంచున వోజిరార్ అనే పేటలో కొంత స్థలం కొన్నాడు. ఆ రోజుల్లో అది నగరమూ కాదు, పల్లే కాదు. దాపునే పశువధశాల. పగలూ రాత్రీ పశువుల అరుపులు, గాలి మళ్ళితే నెత్తుటి వాసన. అందువల్ల స్థలం చౌకగా దొరికింది. డాంట్జిగ్ సందు అని దానికి పేరు.

1900లో పారిస్ లో బ్రహ్మాండమైన ప్రపంచ ప్రదర్శన జరిగింది. అటువంటివి ముగిశాక మంటపాలన్నీ విప్పి పాత సామాను కింద అమ్మేస్తారు. మన ఊళ్ళలో ఎగ్జిబిషన్ అయిపోయాక రేకులు, కర్రలు వేలం వేసినట్టే. బోర్డో ద్రాక్షసారాయి వర్తకుల కోసం వేసిన గుండ్రని మంటపాన్ని బూషే కొన్నాడు. దాని ఇనుప చట్రం, ఐఫెల్ టవరు కట్టిన గుస్తావ్ ఐఫెల్ తయారు చేసినది. స్త్రీల కోసం నిర్మించిన మరో మంటపపు ఇనుప ద్వారాలను కూడా తెచ్చి గేటుగా పెట్టించాడు. చట్రాన్ని తన స్థలంలో మళ్ళీ నిలబెట్టి, గోడలు కట్టించి, అంతస్తులు వేయించాడు. నడుమ మెట్లు. మెట్ల చుట్టూ గదులు. గుండ్రని రొట్టెను ముక్కలు కోసినట్టు, ప్రతి గదీ తలుపు దగ్గర ఇరుకు, కిటికీ వైపు వెడల్పు. కింద శిల్పులు, పైన చిత్రకారులు. బయటినుంచి చూస్తే అచ్చం తేనెటీగల గూడే. లోపల ఉండేవారంతా ఈగల్లా పని చేసుకుంటారు గనుక ఆ పేరు ఇంకా బాగా అమరింది.

1902లో ప్రారంభోత్సవం అయింది. అప్పటికి బూషేకు యాభై దాటాయి. క్రమేణా ఆవరణలో ఇంకా కొన్ని కట్టడాలు లేచి, పని గదులు నూరు దాటాయి. బొమ్మలు పెట్టి చూపించుకోవడానికి ఒక హాలు, నాటకాలకు చిన్న రంగశాల కూడా ఏర్పడ్డాయి. తర్వాతి కాలంలో ఫ్రాన్సులో మహానటుడుగా పేరు పొందిన లూయీ జూవే తొలి రోజుల్లో ఇక్కడ వేషం కట్టినవాడే.

ఇదేదో రాజభవనమని అనుకోకండి. విద్యుద్దీపాలు లేవు. చలికాలంలో గదులు మంచుగడ్డలు. ఎండాకాలంలో నల్లులు. కాని అద్దె అతి స్వల్పం. బాకీ పడ్డవారిని బూషే బయటికి నెట్టేవాడు కాదని అందరూ చెప్పిన మాట. మనం అద్దె ఇళ్ళలో చూసిన లోకానికి ఇది పూర్తిగా విరుద్ధం గదా!

ఎక్కడెక్కడి ఈగలో

అద్దె తక్కువన్న వార్త ఎంత దూరం పోతుందో చెప్పలేము. ఈ వార్త రష్యా సామ్రాజ్యం పొలిమేరల వరకు పోయింది. అక్కడి పేద యూదు కుటుంబాల్లో పుట్టి, బొమ్మలు గీయాలన్న తపన తప్ప చేతిలో చిల్లిగవ్వ లేని కుర్రవాళ్ళు పారిస్ లో రైలు దిగి, వచ్చీరాని ఫ్రెంచిలో డాంట్జిగ్ సందు దారి అడిగేవారు.

వారిలో ఒకడు మార్క్ షగాల్. వీతెబ్స్క్ పట్టణంలో చేపల కొట్టులో మూటలు మోసే కూలీ కొడుకు. 1910లో పారిస్ వచ్చి, ఏడాది తిరిగాక తేనెపట్టులో గది తీసుకున్నాడు. గుడ్డ కొనే స్తోమత లేక బల్ల మీద పరిచే బట్టల మీద, దుప్పట్ల మీద బొమ్మలు వేసేవాడు. ఊళ్ళో ఇళ్ళు తలకిందులుగా, ఆవు చెంప మీద పాలు పితికే మనిషి, ఆకాశంలో ఎగిరే జనం. వదిలివచ్చిన ఊరిని తలచుకుంటూ ఆ గదిలో అతను గీసిన బొమ్మలు నేడు ప్రపంచంలోని పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి. 1914లో అతను స్వదేశం వెళ్ళగా యుద్ధం వచ్చి చిక్కుబడిపోయాడు. 1923లో తిరిగి వచ్చేసరికి గదిలో వదిలిన బొమ్మలు లేవు.

రెండవవాడు సూటిన్. మిన్స్క్ దగ్గరి పల్లెలో బట్టలు కుట్టుకుని బతికే పేద ఇంటివాడు. 1913లో వచ్చాడు. తేనెపట్టులోని పేదల్లో అతను నిరుపేద. పస్తులతో కడుపులో పుండ్లు పడ్డాయి. పది సంవత్సరాల తర్వాత ఒక అమెరికన్ ధనవంతుడు అతని బొమ్మలు పదుల సంఖ్యలో ఒక్కసారి కొనడంతో దశ తిరిగింది. ఎర్రని పశుమాంసాన్ని ఒళ్ళు గగుర్పొడిచేలా చిత్రించిన ఇతని బొమ్మలు చూసినవారికి తేనెపట్టు పక్కనున్న పశువధశాల గుర్తు రాక మానదు.

వీరు గాక ఫెర్నాండ్ లెజె, ఆర్కిపెంకో, జాడ్కిన్, కికోయిన్, క్రెమెన్ తదితరులు అక్కడ గదులు తీసుకున్నవారే. ఇటలీ నుంచి వచ్చిన మొదిలియానీ కూడా కొంత కాలం ఉన్నాడు. ఆధునిక చిత్రకళ అని నేడు మనం పిలిచే దానిలో ఒక పెద్ద భాగం ఈ ఇరుకు గదుల్లో పుట్టిందంటే అతిశయోక్తి కాదు.

ఈ పరంపర మన తెలుగునేలను కూడా తాకింది. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతనంలో చదువుకుని, లండన్ మీదుగా పారిస్ వెళ్ళి, జాడ్కిన్ వద్ద శిల్పం నేర్చుకున్నాడు. తర్వాత అచ్చు చిత్రకళలో ప్రపంచ ప్రసిద్ధి పొంది 1972లో పద్మశ్రీ అందుకుని 2018లో న్యూయార్కులో కన్నుమూశాడు. ఒకనాడు తేనెపట్టులో తలదాచుకున్న శిల్పి, అర్ధ శతాబ్దం లోపల ఒక రాయలసీమ బిడ్డకు గురువైనాడన్నమాట.

తనకు నచ్చని కళకు నీడ

ఇక్కడ ఒక సంగతి మనం నిదానించి ఆలోచించాలి. బూషే పాతకాలపు శిల్పి. ఆయనకు తెలిసిన కళ వేరు. మనిషి మనిషిలాగే ఉండాలి, కండరం కండరంలాగే తేలాలి, పాలరాయి చర్మంలా మెరవాలి. ఆయన ఇంట్లో అద్దెకు చేరిన కుర్రవాళ్ళు చేసిన పని దీనికి నేరుగా వ్యతిరేకం. ఒకడు మనిషిని గొట్టాలుగా, పెట్టెలుగా విడగొట్టాడు. ఒకడు శిల్పంలో శరీరం ఉండవలసిన చోట ఖాళీ పెట్టాడు. వీరి కళ గెలిస్తే బూషే కళకు కాలం చెల్లినట్టే. జరిగింది కూడా అదే.

అయినా ఇంటి యజమానిగా ఆయన ఎవరి బొమ్మ ఎటువంటిదని అడిగి గది ఇవ్వలేదు. నా పద్ధతిలో చెక్కితేనే ఉండు అనలేదు. రామ్యూస్ తనను చేరదీసినప్పుడు ఏ షరతూ పెట్టలేదు. తానూ పెట్టలేదు. మన ఇళ్ళలో మనుమలు మనకు అర్థం కాని చదువులు చదువుతారు, అర్థం కాని పనులు చేస్తారు. వారికి ఒక గది, ఒక దీపం ఇచ్చి మాట్లాడకుండా ఉండడం ఎంత కష్టమో ఈ వయసులో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

1914 యుద్ధంలో ఇక్కడి కుర్రవాళ్ళు కొందరు సైన్యంలో చేరారు. ఇల్లు కోల్పోయి వచ్చిన కాందిశీకులకు కూడా తేనెపట్టులో చోటు దొరికింది. యుద్ధానంతరం పేరు, డబ్బు వచ్చిన కళాకారులు మంచి ఇళ్ళకు తరలిపోయారు. వారి స్థానంలో కొత్త పేదలు వచ్చారు. బూషే వయసు మళ్ళి, ఆరోగ్యం కోసం ముందునుంచీ వెళ్ళి వస్తున్న ఎక్స్ లె బేన్ అనే ఊళ్ళో 1934 ఆగస్టులో మరణించాడు. అప్పటికి ఆయనకు 84వ ఏడు నడుస్తున్నది.

పెద్దాయన పోయిన తర్వాత

తర్వాతి కథ మన ఇళ్ళలో జరిగేదే. పెద్దాయన ఉన్నన్నాళ్ళూ ఇల్లు నిలుస్తుంది. పోయాక స్థలం విలువ లెక్కకు వస్తుంది. వోజిరార్ ఊరి చివరి పేట కాస్తా నగరం నడుమకు వచ్చేసింది. తేనెపట్టు గోడలు బీటలు వారి, కప్పులు కారుతున్నాయి. 1968 ప్రాంతంలో ఆ స్థలాన్ని అమ్మి, ఇల్లు కూలగొట్టి, కొత్త భవనాలు కట్టే ప్రయత్నం జరిగింది.

అప్పుడు ఒకనాటి ఈగలు తిరిగి వచ్చాయి. 80 ఏళ్ళు దాటిన షగాల్ రక్షణ సంఘానికి ముందు నిలిచాడు. రచయితలు, కళాకారులు అనేకులు గొంతు కలిపారు. చివరికి 1971లో సేదూ అనే సంపన్న కుటుంబం డబ్బు ఇచ్చి ఆదుకోవడంతో స్థలం కొనుగోలు జరిగింది. 1972లో ప్రభుత్వం ఆ కట్టడపు ముఖభాగాలను, కప్పులను చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చింది. పశువధశాల ఎత్తివేయగా ఆ స్థలంలో 1985లో ఒక పార్కు వెలిసింది. తేనెపట్టు మాత్రం అక్కడే ఉంది. సుమారు 50 మంది కళాకారులు ఇప్పటికీ ఆ గదుల్లో పని చేసుకుంటున్నారు. అది మ్యూజియం కాలేదు. పని గదిగా కట్టినది పని గదిగానే మిగిలింది.

మరి బూషే చెక్కినవి ఏమయ్యాయి? లక్సెంబర్గ్ తోటలో నిలిచిన ఆ ముగ్గురు పరుగుల వీరుల కంచు విగ్రహాన్ని రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, జర్మనీ ఆక్రమణ రోజుల్లో లోహం కోసం కరిగించారు. ఆయన డ్యూబ్వాతో కలిసి 1902లో నోజాన్ లో స్థాపించిన మ్యూజియం చాలాకాలం వారిద్దరి పేర్లతోనే నడిచింది. 2017లో దానిని పెంచి కొత్తగా తెరిచినప్పుడు కామీల్ క్లోడెల్ మ్యూజియం అని పేరు పెట్టారు. తాను చేయి పట్టి నడిపించిన బాలిక పేరు తన పేరున్న చోటికి వచ్చి కూర్చున్నది. ఆయన బతికి ఉంటే బాధపడేవాడా అంటే, తేనెపట్టు కట్టినవాడు బాధపడడనే నా నమ్మకం.

కంచులో పోసింది కరిగిపోయింది. ప్రదర్శన అయిపోయాక పారేసిన పాత ఇనుము మాత్రం ఆయన చేతిలో పడి నూట ఇరవై ఏళ్ళు దాటినా నిలిచి ఉంది. మనమెవరమూ శిల్పులం కాము. పారిస్ లో స్థలాలు కొనగలవారమూ కాము. కాని సర్వీసులో ఉండగా ఒక కుర్ర గుమాస్తాకు పని నేర్పినవారు, అన్యాయంగా మెమో అందుకున్న తోటివాడి పక్షాన సంతకం చేసినవారు, ఊరు కాని ఊరు వచ్చిన ఉద్యోగికి తమ వసారాలో నాలుగు నెలలు చోటిచ్చినవారు మనలో ఉన్నారు. వారి పేర్లు ఏ ఫైలులోనూ ఉండవు. ఆ నీడన పెరిగినవారు ఎక్కడో ఒక చోట పని చేసుకుంటూనే ఉంటారు. అటువంటి సభ్యులందరికీ ఈ ప్రత్యేక సంచిక ద్వారా నా నమస్కారాలు.